డిస్క్ 100% అంటోంది... తప్పు హార్డ్ డిస్క్‌దేనా?

[తెర మీద: పాత ల్యాప్‌టాప్. డెస్క్‌టాప్ వచ్చేసింది, కానీ హార్డ్ డిస్క్ లైట్ ఆగకుండా మిణుకుమంటోంది.]

నమస్కారం. లాగిన్ అయి పది నిమిషాలైంది. బ్రౌజర్ మీద డబుల్ క్లిక్ చేస్తే ఆ నీలం చక్రం తిరుగుతూనే ఉంది. చెవి పెట్టి వింటే లోపల గరగర. ఇలాంటప్పుడు చాలామంది నేరుగా ఫార్మాట్ కొట్టించేస్తారు. కాస్త ఆగండి. ముందు ఒక్క స్క్రీన్ చూద్దాం.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్, దాని కింద డిస్క్ 0.

[తెర మీద: యాక్టివ్ టైమ్ 100%. రీడ్ స్పీడ్ సెకనుకు 0.4 ఎంబీ. యావరేజ్ రెస్పాన్స్ టైమ్ 180 మిల్లీసెకన్లు.]

100% అంటే డిస్క్ నిండిపోయిందని కాదు, ఫుల్ స్పీడ్‌లో పనిచేస్తోందనీ కాదు. డిస్క్‌కి క్షణం కూడా ఖాళీ లేదని, అంతే. మరి అంత బిజీగా ఉండి అర ఎంబీ కూడా చదవట్లేదేంటి?

ల్యాప్‌టాప్ హార్డ్ డిస్క్‌లు ఎక్కువగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. ఒక్క చుట్టుకి సుమారు 11 మిల్లీసెకన్లు. కావాల్సిన ముక్క ఎక్కడుందో అక్కడికి డేటా చదివే హెడ్ జరగాలి, ఆ ముక్క తిరిగి దాని కిందికి రావాలి. ఇదంతా కలిపితే చెల్లాచెదురుగా ఉన్న ముక్కల్ని సెకనుకు వంద చదివితే గొప్ప. ఒక్కోటి 4 కేబీ అనుకోండి, వందకి 400 కేబీ. స్క్రీన్ మీద కనిపిస్తున్న 0.4 ఎంబీ అదే. అదే డిస్క్‌కి ఒక పెద్ద సినిమా ఫైలు కాపీ చేసే పని ఇస్తే, వరసగా చదువుకుంటూ పోతుంది కాబట్టి సెకనుకు 100 ఎంబీ దాకా వెళ్లగలదు. అందుకే స్పీడ్ తక్కువ కనిపించినంత మాత్రాన డిస్క్ పోయిందని కంగారు పడకండి. ఇంతకీ ఆ చిల్లర పని చెబుతున్నది ఎవరో పట్టుకోవాలి.

[తెర మీద: సెర్చ్‌లో రిసోర్స్ మానిటర్ అని టైప్ చేస్తున్నారు. డిస్క్ ట్యాబ్. టోటల్ అనే కాలమ్ మీద క్లిక్.]

ఇక్కడ ప్రోగ్రామ్ పేరే కాదు, అది ఏ ఫైలుని తడుముతోందో కూడా కనిపిస్తుంది. పైన పేజ్‌ఫైల్ డాట్ సిస్ కనిపిస్తోందా? అయితే డిస్క్‌ని తిట్టకండి, సమస్య ర్యామ్‌ది. ర్యామ్ సరిపోక విండోస్ కొంత సరుకుని డిస్క్ మీద దించి, మళ్లీ ఎత్తుకుంటోంది. 4 జీబీ ర్యామ్‌తో విండోస్ 10, బ్రౌజర్‌లో పదిహేను ట్యాబ్‌లు అంటే ఇదే జరుగుతుంది. ఇదే రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్‌కి వెళ్లండి. హార్డ్ ఫాల్ట్స్ అంటే కావాల్సింది ర్యామ్‌లో లేక డిస్క్ నుంచి తెచ్చుకోవాల్సి రావడం. ఆ గ్రాఫ్ ఎగిరెగిరి పడుతుంటే ఇక అనుమానం అక్కర్లేదు. స్టార్టప్‌లో అక్కర్లేనివి ఆపండి, వీలైతే ర్యామ్ 8 జీబీ చేయించండి. కొందరు వర్చువల్ మెమరీని, అంటే ఆ పేజ్‌ఫైల్ సైజుని, సున్నా చేసేయమంటారు. చేయకండి. అప్పుడు స్లో అవ్వడం కాదు, పని మధ్యలో ప్రోగ్రామ్‌లే మూసుకుపోతాయి.

పైన యాంటీమాల్‌వేర్ సర్వీస్, విండోస్ అప్‌డేట్, సెర్చ్ ఇండెక్సర్ (వెతకడానికి వీలుగా ఫైళ్ల జాబితా తయారుచేసేది) లాంటివి ఉంటే చార్జర్ పెట్టి గంటో రెండు గంటలో వదిలేయండి. నెలల తరబడి వాడని సిస్టమ్ ఆన్ చేస్తే బకాయి పనులన్నీ ఒకేసారి మీద పడతాయి, అది మామూలే. తరచూ వాడే ప్రోగ్రామ్‌లని ముందే ర్యామ్‌లోకి తెచ్చిపెట్టే సిస్‌మెయిన్ అనే సర్వీస్‌ని ఆపి చూడొచ్చు, కొన్ని పాత మెషీన్లలో తేడా తెలుస్తుంది. యాంటీవైరస్‌ని, అప్‌డేట్‌ని మాత్రం శాశ్వతంగా ఆపేయకండి.

ఇప్పుడు అసలు టెన్షన్ పడాల్సిన కేసు.

[తెర మీద: యాక్టివ్ టైమ్ 100%. రీడ్ సున్నా, రైట్ సున్నా. రెస్పాన్స్ టైమ్ 4000 మిల్లీసెకన్లు దాటింది.]

డేటా ఏమీ కదలట్లేదు, ఒక్కో జవాబుకి సెకన్లు పడుతోంది. సిస్టమ్ కాసేపు బిగుసుకుపోయి మళ్లీ కదులుతోంది. డిస్క్ నుంచి టక్ టక్ అని ఒకే లయలో చప్పుడు వస్తోంది. పాడైన సెక్టార్‌ని, అంటే డిస్క్ మీద డేటా ఉండే చిన్న గడిని, చదవలేక డిస్క్ మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తూ ఉండొచ్చు. విండోస్ తన లోపాల్ని రాసి పెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్‌లో సిస్టమ్ చూడండి. డిస్క్ పేరుతో ఈవెంట్ 7 కనిపిస్తే అది బ్యాడ్ బ్లాక్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత టూల్‌లో కరెంట్ పెండింగ్ సెక్టార్, రీఅలొకేటెడ్ సెక్టార్ అనే రెండు లైన్లు చూడండి. కుడివైపు చివర ఉన్న రా వాల్యూస్ కాలమ్‌లో అన్నీ సున్నాలే ఉండాలి. సున్నా కాకపోతే, ముఖ్యంగా రోజురోజుకీ పెరుగుతుంటే, ఆ డిస్క్‌ని ఇక నమ్మలేం.

అప్పుడు మొదటి పని బ్యాకప్. డిస్క్ తప్పులు వెతికే చెక్‌డిస్క్ కాదు, చెల్లాచెదురు ముక్కల్ని ఒకచోట సర్దే డీఫ్రాగ్ అసలే కాదు. చెక్‌డిస్క్‌లో బ్యాడ్ సెక్టార్లు వెతికే స్కాన్ పెడితే డిస్క్ మొత్తాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి గంటల తరబడి చదువుతుంది. పోబోతున్న డిస్క్ ఆ శ్రమకే పూర్తిగా పోవచ్చు. ముందు పిల్లల ఫొటోలు, సర్టిఫికెట్ల స్కాన్లు, ఆఫీసు ఫైళ్లు బయట డిస్క్‌లోకి తీసేయండి. సినిమాలు మళ్లీ దొరుకుతాయి, వాటి జోలికి ఆఖర్న వెళ్లండి.

డెస్క్‌టాప్ వాళ్లకి ఒక మాట. అదే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో అల్ట్రా డీఎంఏ సీఆర్‌సీ ఎర్రర్ అనే లైన్‌లో అంకె ఒక్కటే పెరుగుతూ మిగతావన్నీ సున్నా ఉంటే, కొత్త డిస్క్ కొనేముందు, డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి. చాలాసార్లు కేబుల్ మారిస్తేనే సమస్య తీరిపోతుంది. పాత లెక్క మాత్రం అలాగే ఉండిపోతుంది, అది మళ్లీ పెరగకపోతే చాలు.

డిస్క్ బాగానే ఉంది, ర్యామ్ కూడా సరిపడా ఉంది, అయినా నత్తనడకేనా? అయితే ఎస్‌ఎస్‌డీ వేయించండి. నా లెక్కలో పాత ల్యాప్‌టాప్ మీద పెట్టే డబ్బుకి ఇంతకన్నా ఫలితం ఇచ్చేది లేదు. తిరిగే భాగాలే లేవు కాబట్టి చిన్న ముక్కల్ని సెకనుకు వేలల్లో చదువుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సాధారణంగా 2.5 అంగుళాల సాటా ఎస్‌ఎస్‌డీ అదే చోట కూర్చుంటుంది. పాత డిస్క్ ఆరోగ్యంగా ఉంటే క్లోన్ చేయించుకోండి, అంటే ఉన్నదున్నట్టు కొత్తదాంట్లోకి కాపీ, విండోస్ మళ్లీ ఎక్కించే పని తప్పుతుంది. బ్యాడ్ సెక్టార్లు ఉంటే మాత్రం క్లోన్ వద్దు, కొత్తగా ఇన్‌స్టాల్ చేసి ఫైళ్లు ఎక్కించుకోండి. షాపుకి ఇచ్చే ముందు డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉందేమో చూసి, ఆ తాళం తీసే రికవరీ కీ కాగితం మీద రాసి పెట్టుకోండి.