చెరువు మట్టి, కాలేజీ బట్టీ

శ్రోతలకు నమస్కారం.

మన ఇళ్లల్లో మట్టితో చేసినవి ముఖ్యంగా రెండు ఉంటాయి. ఎండాకాలం నీళ్లు పోసుకునే రంజను, మామిడికాయ తొక్కు పెట్టుకునే జాడీ. రంజను మన కుమ్మరి వాడకట్టులో తయారవుతుంది. జాడీ మాత్రం ఎక్కడో దూరాన ఫ్యాక్టరీలో కాలి, అంగడికి వస్తుంది. రంజను గోడలో కంటికి ఆనని సందులుంటాయి. వాటిలోంచి నీరు బయటికి ఊరి, ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది. తొక్కు జాడీకి ఆ ఊట పనికిరాదు. ఉప్పూ పులుపూ నూనే గోడలోకి ఇంకకూడదు. అందుకు మట్టి రాయిలాగా గట్టిపడేదాకా కాలాలి, పైన గాజు పూత పట్టాలి. ఆ పూతనే గ్లేజు అంటారు.

నల్లగొండ, పాలమూరు కుమ్మరి ఇళ్ల పిల్లలు ఈ జాడీ పని నేర్చుకోవడానికి కాలేజీకి పోవాలి. పోయేటప్పుడు రంజను పనిని ఇంట్లో వదిలేసి పోవద్దు. ఇవాళ నేను చెప్పదలచుకున్నది ఇదే. నేనూ అట్లాంటి ఇంట్లోనే పుట్టి, సిరామిక్స్, అంటే మట్టిని మలిచి కాల్చే విద్య, చదువుకుని, ఇప్పుడు ఆ పాఠమే చెబుతున్నాను.

మా ఇంట్లో సారె, అంటే కుమ్మరి చక్రం, నాన్నది, చెక్క అమ్మది. నాన్న సారె మీద మందంగా, చిన్నగా ఎత్తి దింపుతారు. సగం ఆరినంక అమ్మ లోపల రాయి ఆనించి, బయట చెక్కతో కొట్టుకుంటూ పెంచుతుంది. కొట్టినకొద్దీ గోడ పలచనవుతుంది, మట్టి బిగుస్తుంది. మట్టి తొక్కడం, కొట్టడం, పెళ్లి ఐరేని కుండలకు రంగులు పెట్టడం మా ఊళ్లో ఆడవాళ్ల పని. సారె ముందు మాత్రం మగవాళ్లే కూర్చుంటారు. ఆడపిల్లగా నేను సారె పట్టింది కాలేజీలోనే. ఆ చదువు నాకు చేసిన మేలుల్లో మొదట చెప్పుకోవాల్సింది ఇదే.

పై తరగతుల్లో ఒక్క కుండ చేసి చూపిస్తే సరిపోదు. ఒకే కొలతతో గిన్నెల వరుస చేయమంటారు, మూత సరిగ్గా కూర్చునే డబ్బా చేయమంటారు, ధార చెదరకుండా పోసే టీ కెటిల్ చేయమంటారు. అక్కడ లెక్క మొదలవుతుంది. మట్టి ఆరేటప్పుడూ తగ్గుతుంది, కాలేటప్పుడూ తగ్గుతుంది. మొత్తం 12 శాతం తగ్గే మట్టి అనుకోండి. కాలిన తర్వాత 10 సెంటీమీటర్ల గిన్నె కావాలంటే సారె మీద సుమారు 11.4 సెంటీమీటర్లు ఎత్తాలి. డబ్బా ఒక మట్టితో, మూత ఇంకో మట్టితో చేస్తే ఆ రెండూ ఎన్నటికీ కలవవు.

ఇక మంట సంగతి. దీని గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కాలేజీ బట్టీలో రెండుసార్లు కాలుస్తారు. మొదటిసారి 950, 1000 డిగ్రీల మధ్య. వంద డిగ్రీలు దాటేలోపు తడి మొత్తం పోవాలి. తొందరపడితే ఆవిరి పాత్రను పగలగొడుతుంది. 573 డిగ్రీల దగ్గర మట్టిలోని పలుగురాయి రేణువులు ఒక్కసారిగా ఉబ్బుతాయి, చల్లారేటప్పుడు అదే చోట ముడుచుకుంటాయి. బట్టీ తలుపు తొందరగా తీస్తే బీటలు వచ్చేది అందుకే. గ్లేజు ముంచిన తర్వాత రెండోసారి 1200 పైకి, 1280 దాకా కాలుస్తారు. లోపల కోన్లు అనే చిన్న చిన్న మట్టి శంకువులు నిలబెడతారు. నిర్ణీత వేడికి అవి వంగిపోతాయి. జర్మనీలో హెర్మన్ సేగర్ అనే రసాయన శాస్త్రవేత్త 1886లో ఏర్పాటు చేసిన పద్ధతి ఇది.

మా నాన్న దగ్గర కోన్లు లేవు. వరిగడ్డి, పిడకలు, కట్టెలు పేర్చి, పైన మట్టి మెత్తిన ఆవం సందులోంచి రంగు చూస్తారు. మసక ఎరుపు కనిపిస్తే ఇంకా కాలాలంటారు. పండు మిరప ఎరుపు తేలితే చాలంటారు. ఆ ఎరుపు ఎనిమిది వందల డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుందని నాకు పుస్తకం చెప్పింది. నాన్న కన్ను అంతకుముందే చెప్పింది.

మంటకు గాలి తగ్గిస్తే రంగు మారుతుంది. గాలి బాగా ఆడితే మట్టిలోని ఇనుము ఎర్రబడుతుంది, పొగలో ఉక్కిరిబిక్కిరైతే నల్లబడుతుంది. కాలేజీలో దీన్ని రిడక్షన్ అంటారు. కృష్ణ ఒడ్డున ఏలేశ్వరం నాగార్జునసాగర్ నీళ్లలో మునగకముందు అక్కడ తవ్వకాలు జరిగాయి. ఇనుప యుగపు సమాధుల్లో లోపల నల్లగా, బయట ఎర్రగా ఉండే కుండలు దొరికాయి. ఇట్లాంటి కుండలను బోర్లించి కాల్చి ఉంటారని పండితులు అంటారు. లోపలికి గాలి అందక నలుపు నిలుస్తుంది. అంటే రిడక్షన్ మన నేల మీద ఎన్నో వందల ఏండ్ల కిందటి విద్య!

గ్లేజులో ముఖ్యంగా మూడు పనులు జరగాలి. గాజు కావడానికి పలుగురాయిలో ఉండే సిలికా కావాలి. సిలికా ఒక్కటే కరగాలంటే 1700 డిగ్రీలు దాటాలి కాబట్టి దాన్ని తక్కువ వేడికే కరిగించే ద్రవకారి (ఫ్లక్స్) కావాలి. కరిగినది జారిపోకుండా పట్టి ఉంచడానికి మట్టిలో ఉండే అల్యూమినా కావాలి. కాలేజీలో ఇవన్నీ సంచుల్లో వస్తాయి. మన దగ్గర ఎక్కడున్నాయో చూడండి. పలుగురాయి, ద్రవకారిగా పనికొచ్చే ఫెల్డ్‌స్పార్ రాయి పాలమూరు గుట్టల్లో ఉన్నాయి. సున్నపురాయి వాడపల్లి, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలను నడిపిస్తోంది. మిర్యాలగూడ రైస్ మిల్లుల ఊక బూడిదలో ఎక్కువ భాగం సిలికానే. కట్టెల బూడిదలో సున్నం, పొటాష్ ఉంటాయి.

మన చెరువు మట్టిలో ఇనుము ఎక్కువ. 1250 డిగ్రీల బట్టీలో దానితో చేసిన కుండ నిలవదు, ఉబ్బుతుంది, కుంగుతుంది. కానీ అదే మట్టిని పలచగా కలిపి, జల్లెడ పట్టి, కాస్త బూడిద చేర్చి, స్టోన్‌వేర్ గిన్నె మీద, అంటే ఆ వేడికి రాయిలా గట్టిపడే మట్టి గిన్నె మీద, పూసి కాల్చండి. చాలాసార్లు అది తానే కరిగి ముదురు గోధుమ రంగు గ్లేజవుతుంది. కుండగా ఓడిన మట్టి పూతగా మెరుస్తుంటే చూసి నేను పొందిన సంతోషం ఇంతా అంతా కాదు.

రెండు జాగ్రత్తలు తప్పనిసరి. పలుగురాయి పొడి ఊపిరితిత్తుల్లో చేరితే సిలికోసిస్ వస్తుంది. మాస్కు లేకుండా ఆ పొడి ముట్టవద్దు, గది తడిగుడ్డతోనే తుడవాలి. సీసం కలిసిన గ్లేజును తిండి పాత్రలకు వాడవద్దు. చింతపండు పులుసుకు సీసం కరిగి కూట్లోకి వస్తుంది.

ఈ చదువు బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో, శాంతినికేతన్‌లో, ముంబయి జేజే స్కూల్లో, అహ్మదాబాద్ ఎన్‌ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో ఉంది. సాంకేతిక వైపు పోదలచినవారికి ఆంధ్రప్రదేశ్ గూడూరులో సిరామిక్ డిప్లొమా ఉంది. ప్రవేశ పద్ధతి ఒక్కోచోట ఒక్కో తీరు. ఆ ఏడాది ప్రకటన చూసుకోండి.

పోవడానికి ముందు ఇంట్లోనే ఒక పని చేయండి. మీ చెరువు మట్టితో జానెడు పొడవు బిళ్లలు చేసి, పచ్చిగా ఉన్నప్పుడే పది సెంటీమీటర్ల గీత గీయండి. నాన్న ఆవంలో కాల్చి, గీత ఎంత తగ్గిందో కొలవండి. బిళ్లను తూచి, నీళ్లలో ఉడకబెట్టి, మళ్లీ తూచండి. పెరిగిన బరువు మట్టి ఎంత నీరు తాగిందో చెబుతుంది. ఆ లెక్కలు, అమ్మ కొట్టిన రంజను ఫొటో, మీరు ఎత్తిన గురుగులు ఒక ఫైలులో పెట్టుకోండి. ఇంటర్వ్యూలో ఏం చేశావని అడిగితే ముందు ఆ ఫైలు తెరవండి.

నమస్కారం.