మామయ్య పొటాషియం 6.4

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే అపార్ట్‌మెంట్ హాల్లోకి ఇంతమంది వచ్చారంటే, మీ ఇళ్ళలో ఎవరి రిపోర్టులోనో ఒక అంకె పక్కన నక్షత్రం గుర్తు పడి ఉండాలి. నేను ల్యాబ్ డాక్టర్ని. మందులు రాసేవాణ్ణి కాదు, గొట్టంలో రక్తం చూసేవాణ్ణి. ఆ వైపు నుంచే మాట్లాడతాను.

మా మామయ్యది అనంతపురం. ఇక్కడ బెంగళూరు మారతహళ్ళిలో కూతురి దగ్గర ఉంటారు. పోయిన వేసవిలో ఒక రాత్రి పదకొండింటికి ఫోన్. "ఏరా అల్లుడూ, పొటాషియం 6.4 అంట. గుండె ఆగిపోతుందని గూగుల్లో ఉంది." ఇల్లంతా టెన్షన్. గూగుల్ చెప్పింది అబద్ధమూ కాదు. మామూలుగా 3.5 నుంచి 5 దాకా ఉండాలి. ల్యాబును బట్టి పై హద్దు కాస్త మారుతుంది కాబట్టి మీ రిపోర్టులో అచ్చేసిన హద్దునే చూసుకోండి. యూనిట్ మిల్లీమోల్ అని ఉన్నా, మిల్లీ ఈక్వివలెంట్ అని ఉన్నా పొటాషియానికి రెండూ ఒకటే. 6 దాటితే, ఒంట్లో ఏ బాధా లేకపోయినా తెల్లారేదాకా ఆగకూడదు. మామయ్యని అప్పటికప్పుడు ఎమర్జెన్సీకి తీసుకెళ్ళమన్నాను. ఈసీజీ బాగుంది. మళ్ళీ తీసిన రక్తంలో 4.3.

మరి ఆ 6.4 ఎక్కడిది? ఒంట్లోని పొటాషియంలో నూటికి 98 వంతులు కణాల లోపలే ఉంటుంది. లోపల దాదాపు 140, బయట రక్తద్రవంలో 4. నాలుగు కణాలు పగిలినా బయటి అంకె ఎగబాకుతుంది. మామయ్యకి నరం దొరకలేదట. ఇంటికొచ్చిన కుర్రాడు రబ్బరు పట్టీ బిగించి, "పిడికిలి మూయండి, తెరవండి" అంటూ పదిసార్లు ఆడించాడు. సన్న సూదితో గట్టిగా లాగాడు. పిడికిలి అలా ఆడిస్తే చాలు, కండరాల్లోంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది. ఆ పైన గొట్టం బైకు మీద సిల్క్ బోర్డు జంక్షన్ దాటి వెళ్ళింది. ఎంతసేపు పట్టి ఉంటుందో బెంగళూరు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆలస్యమైనా, రక్తాన్ని అలాగే ఫ్రిజ్‌లో పెట్టినా కణాల్లోంచి పొటాషియం కారుతూనే ఉంటుంది.

మర్నాడు ఆ గొట్టం అడిగి చూశాను. మంచి సీరం, అంటే రక్తం గడ్డకట్టాక పైన తేరే ద్రవం, లేత నువ్వుల నూనె రంగులో ఉంటుంది. ఇది గులాబీ రంగులో ఉంది. అలాంటప్పుడు రిపోర్టు అడుగున 'హీమోలైజ్డ్', అంటే రక్తకణాలు పగిలాయి అని రాయాలి, మళ్ళీ రక్తం అడగాలి. రాయలేదు, అడగలేదు. అది మా వృత్తివాళ్ళ తప్పే.

అలాగని ఎక్కువ వచ్చిన ప్రతిసారీ ల్యాబు మీదకి తోసేయకండి. పక్కనే క్రియాటినిన్ చూడండి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే అంకె అది. పొటాషియాన్ని బయటికి పంపే పని ముఖ్యంగా కిడ్నీలది. క్రియాటినిన్ పెరిగి ఉంది, బీపీకి టెల్మిసార్టన్, గుండెకి స్పైరనోలాక్టోన్, మోకాళ్ళకి మందుల షాపులో అడిగి కొన్న డైక్లోఫెనాక్. ఈ మూడు మందులూ పొటాషియాన్ని పెంచగలవు. ఆ మనిషికి 6.4 వస్తే అది నిజమే అనుకుని పరుగెత్తాలి. 'లో సోడియం' ఉప్పు ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి. సోడియం తగ్గించిన మేరకు అందులో కలిపేది సాధారణంగా పొటాషియం క్లోరైడే. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు డాక్టర్ని అడక్కుండా దాన్ని ముట్టుకోకూడదు.

పొటాషియం తక్కువ రావడానికి ఎక్కువగా కారణం మూత్రం ఎక్కువ పోయేలా చేసే కొన్ని నీళ్ళ మాత్రలు, వాంతులు, విరేచనాలు. పొటాషియం ఎంత ఇచ్చినా పెరగకపోతే మెగ్నీషియం కూడా చూడాలి.

ఇక అందరూ అడిగేది కొబ్బరి బోండాం, ఇక్కడివాళ్ళ ఎళనీరు. గ్లాసులో దాదాపు అర గ్రాము పొటాషియం. కిడ్నీలు బాగుంటే హాయిగా తాగండి. లేకపోతే డాక్టర్ మాటే. కూరగాయలు తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి వార్చేస్తే పొటాషియం కొంత పోతుంది. మా అత్తయ్య అలా వార్చిన నీళ్ళని శుభ్రంగా చారులో పోసేవారు!

రిపోర్టులు తెచ్చినవాళ్ళు మాత్రల అట్టలు కూడా తెచ్చారా? లేకపోతే ఇంటికి ఫోన్ చేసి ఫోటో పంపమనండి. కాఫీ అయ్యేలోపు ఒక్కొక్కటీ చూద్దాం.