‘రా’కి ఇంగ్లీషేది?

నమస్కారం. పోయిన ఏడాది విజయవాడలో మా సత్యనారాయణపురంలోనే కూచిపూడి నేర్పే టీచరుగారు మా ఇంటికొచ్చి, "మాస్టారూ, పిల్లల ప్రోగ్రాముంది, బయటి రాష్ట్రాల వాళ్లు కొందరు వస్తున్నారు, ఒక్కో ఐటమ్ ముందు చదవడానికి నాలుగేసి లైన్లు ఇంగ్లీషులో రాసిపెట్టండి, అర్థం తెలిస్తే చాలు" అన్నారు. మూడే పాటలు. ముప్ఫై ఏళ్లు ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి, పన్నెండు లైన్లకి ఒక సాయంత్రం చాలనుకున్నాను. పది రోజులు పట్టింది.

అర్థం తెలిస్తే చాలన్నారు కదా, ఆ అర్థం రాయడం పది నిమిషాల పనే. మిగతా రోజులన్నీ ఎక్కడికి పోయాయో చెబుతాను.

మొదటిది అన్నమయ్య. బ్రహ్మ కడిగిన పాదము. ఇదే రేడియో స్టేషన్‌లో పొద్దున్నే భక్తిరంజని వింటూ కాఫీ తాగిన వాళ్లెవరికీ ఈ పాట కొత్త కాదు. "బలి తల మోపిన పాదము, తలకక గగనము తన్నిన పాదము, బలరిపు గాచిన పాదము." కొంచెం ఆగి వినండి, ప్రతిసారీ ముందు కథ వస్తుంది, ఎవరి తల, ఏ ఆకాశం, ఎవర్ని కాచింది, అన్నీ అయ్యాక చివర్న పాదం వచ్చి నేల మీద పడుతుంది. డాన్సు చేసే అమ్మాయి కూడా అక్కడే కాలు తాటిస్తుంది. ఇంగ్లీషులోకి మార్చగానే పాదం ముందుకొచ్చి కూర్చుంది, ది ఫుట్ దట్, ది ఫుట్ దట్, ది ఫుట్ దట్ అని. నాలుగు లైన్లు చదివేసరికి క్లాసులో హాజరు పిలిచినట్టుంది. ప్రాస సంగతి సరేసరి. బలి, తలకక, బలరిపు, మూడింటికీ రెండో అక్షరం లకారమే. తర్వాతి చరణంలో కామిని, పాము, ప్రేమ, అక్కడంతా మకారం. పాడేవాళ్లకి దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన పని కూడా లేదు, నాలుకే లాక్కుపోతుంది. ఇంగ్లీషులో దాని జోలికి పోలేదు నేను, పోయినవాళ్ల గతి చూశాను కాబట్టి.

ఇది నా ఒక్కడి అవస్థేం కాదు లెండి. తెలుగు పద్యాన్ని ఇంగ్లీషు చెయ్యడం నిన్నమొన్నటి పనీ కాదు, బ్రౌన్ దొర వేమన పద్యాలని ఇంగ్లీషులో అచ్చు వేయించింది 1829లో. మన కాలంలో ఆ పని పెద్ద ఎత్తున చేసింది వెల్చేరు నారాయణరావుగారు, డేవిడ్ షుల్మన్‌గారు. 2002లో ప్రాచీన తెలుగు కవిత్వం మొత్తానికి ఒక సంకలనం తెచ్చారు, 2005లో అన్నమయ్య పాటలు కొన్నిటిని ‘గాడ్ ఆన్ ది హిల్’ అనే పుస్తకంగా వేశారు. వాళ్లు ఛందస్సుకి పోటీగా ఇంగ్లీషులో ఛందస్సు కట్టబోలేదు, పాటని పాటలా పాడించబోలేదు. చిన్నచిన్న లైన్లు, ఇవాళ మనుషులు మాట్లాడే ఇంగ్లీషు. అది చాలా తెలివైన పని అని నా అభిప్రాయం. రాగం పోతే పోయింది, మనిషి గొంతయినా మిగిలింది. మా చిన్నప్పుడు లైబ్రరీలో దొరికే పాత అనువాదాల్లో ప్రతి కీర్తనా ‘ఓ లార్డ్, థౌ’ అని మొదలయ్యేది, చర్చిలో కూర్చున్నట్టుండేది. తమాషా ఏమిటంటే ఆ ‘థౌ’ ఒకప్పుడు ఇంగ్లీషు వాళ్లకి మన ‘నువ్వు’ లాంటిదే, ఇంట్లోవాళ్లనీ చనువున్నవాళ్లనీ పిలిచే మాట. ఇళ్లలో వాడకం పోయి ప్రార్థనల్లోనే మిగలడంతో దానికి పట్టుబట్టలు కట్టినట్టయింది. దగ్గరితనం కోసం పెట్టిన మాట ఇప్పుడు చదివితే దూరంగా నిలబెడుతుంది.

రెండోది క్షేత్రయ్య పదం, పదమంటే ఇక్కడ నాయిక మాటల్లో సాగే శృంగార పాట. ఇక్కణ్ణుంచి బస్సెక్కి ఉయ్యూరు, పామర్రు దాటి కూచిపూడి వెళ్తే ఆ పక్కనే మొవ్వ, క్షేత్రయ్య పాటల్లోని కృష్ణుడు మువ్వగోపాలుడి ఊరు. "మంచి దినము నేడే, మహరాజ రమ్మనవే." ఈ ‘రమ్మనవే’ ఒక్క మాటలో ముగ్గురున్నారు. రావాల్సిన ఆయన, రమ్మని కబురు పెట్టే నాయిక, కబురు మోసుకెళ్లే చెలికత్తె. ఆ చెలికత్తె ఉన్నదల్లా చివరి ‘వే’లోనే. ఇంకో పదంలో ‘ఏమిరా’ అంటే ఆయన ఎదురుగానే నిలబడి ఉన్నాడని అర్థమైపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంగ్లీషుకి ‘రా’ లేదు, ‘వే’ లేదు. అందుకే 1994లో నారాయణరావుగారు, షుల్మన్‌గారు, ఏ.కె.రామానుజన్‌గారు కలిసి వేసిన పదాల పుస్తకంలో పాట పైన ఎవరు ఎవరితో అంటున్నారో చెప్పే శీర్షిక పెట్టారు. మొదట్లో ఆ శీర్షికలు అనవసరమనుకున్నాను. నేనే రాయడానికి కూర్చున్నాక తెలిసింది, మన రెండు అక్షరాలకి బదులు వాళ్లు ఒక లైను ఖర్చుపెట్టాల్సి వచ్చిందని. ఆ పుస్తకం పేరు ‘వెన్ గాడ్ ఈజ్ ఎ కస్టమర్’, అంటే దేవుడే బేరమై వస్తే అని. మావాళ్లలో ఒకరిద్దరు పేరు చూసి చెవులు మూసుకున్నారు. పదాలు చదివితే ఆ కోపం ఉండదు, చాలాచోట్ల మాట్లాడేది వేశ్య, వచ్చినవాడు మువ్వగోపాలుడు, డబ్బు మాట ఆవిడే నోరారా అడుగుతుంది.

ఇక మూడోది, నా ప్రాణం తీసింది, రామదాసు. సర్కారు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, గోల్కొండ జైల్లో కూర్చున్న తహశీల్దారు పాట. తహశీల్దారు కాబట్టి పాట కూడా ఖర్చుల పద్దులాగే ఉంటుంది, భరతునకు చేయిస్తి పచ్చల పతకము, సీతమ్మకు చేయిస్తి చింతాకు పతకము, ఒక్కోదానికి పదివేలని లెక్క. చింతాకు అంటే ఎంత సన్నగా ఉంటుందో మనకి చెప్పక్కర్లేదు, చిగురు పప్పులో వేసుకునేవాళ్లం. ‘టామరిండ్ లీఫ్’ అని రాశాను, ఆ ఆకు ఎప్పుడూ చూడనివాడు అరచెయ్యంత ఊహించుకుంటాడేమోనని భయం. అదీ దాటాను. తర్వాత వచ్చింది: "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు రామచంద్రా."

‘హూజ్ ఫాదర్స్ మనీ’ అని రాసి చూశాను. చిక్కేమిటంటే, ఆ పాటలోనే రామదాసు ఇంకో మాట కూడా అడుగుతాడు, నీ తండ్రి దశరథ మహారాజు పెట్టాడా, మీ మామ జనక మహారాజు పంపాడా అని. ఆ పక్కన ‘హూజ్ ఫాదర్’ అని చదివితే ఇంగ్లీషు శ్రోత ఇదేదో ఆస్తి విచారణ అనుకుంటాడు. మనకి తిట్టు, వాళ్లకి ప్రశ్న. ఆరు రకాలుగా కొట్టేసి కొట్టేసి, చివరికి ‘ఇదంతా ఎవరు కడుతున్నారనుకున్నావు రామా’ అని తేలే ఇంగ్లీషు ఒకటి రాసి, బాగానే కుదిరిందని మురిసిపోయి టీచరుగారికి ఫోన్ చేసి చదివాను.

ఆవిడ కాసేపు ఆగి, "బాగుంది మాస్టారూ, కానీ వెంటనే ‘అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు’ అని బతిమాలతాడు కదండీ, దెబ్బలకి ఓర్చుకోలేక తిట్టానయ్యా అని. దానికి పిల్ల అభినయం కూడా పట్టింది. మీరు రాసినదాంట్లో అబ్బ ఏడండీ?" అన్నారు.

ప్రోగ్రాము అయిపోయింది, ఆ లైను తెలుగులోనే చదివించేశాం. అబ్బ ఇంకా దొరకలేదు. మీలో ఎవరికైనా తోస్తే స్టేషన్‌కి ఒక కార్డు ముక్క రాయండి. సెలవు.