పైపులో గడ్డ: హైడ్రేట్లను ఆపే మందుల లెక్క

అందరికీ నమస్కారం. మన రామగుండం ఎరువుల కర్మాగారానికి గ్యాస్ పైపులోనే వస్తుంది. అక్కడికి చేరేది నీరు తీసేసిన పొడి గ్యాస్ కాబట్టి హైడ్రేట్ (గ్యాస్, నీరు కలిసి పైపులో కట్టే గడ్డ) బెడద తక్కువ. అసలు తంటా అంతా గ్యాస్ బావి దగ్గర. కృష్ణా-గోదావరి బేసిన్ లోతు నీళ్లలో పైపు చుట్టూ చలి, లోపల ఒత్తిడి, గ్యాస్‌తోపాటు తడి.

హైడ్రేట్ చూడడానికి మంచులాగే ఉంటుంది, మంచు మాత్రం కాదు. నీటి అణువులు గూడు కట్టి మీథేన్‌ను లోపల బంధిస్తాయి. ఇందుకు సున్నా డిగ్రీలకు దిగనక్కర్లేదు. 4 డిగ్రీల దగ్గర 40 బార్ల ఒత్తిడి చాలు. ప్రొపేన్ కలిసిందంటే అంత ఒత్తిడి కూడా అక్కర్లేదు.

మందులు మూడు రకాలు. మొదటి రకం మిథనాల్, ఇథిలీన్ గ్లైకాల్. ఇవి నీటిని పట్టి ఉంచి, గూడు కట్టే ఉష్ణోగ్రతనే కిందికి దింపుతాయి. ఎన్ని డిగ్రీలు దిగుతుందో హామర్‌ష్మిట్ సూత్రం వేసి చూడండి: నీటిలో మందు శాతాన్ని 1297తో గుణించాలి. మందు అణుభారాన్ని మిగిలిన శాతంతో గుణించి, ఆ వచ్చినదానితో భాగించాలి. మిథనాల్ అణుభారం 32. బరువులో 20 శాతం ఉంటే సుమారు 10 డిగ్రీలు దిగుతుంది. అంటే వెయ్యి కిలోల నీటికి 250 కిలోలు. గ్లైకాల్ అణుభారం 62 కాబట్టి దాదాపు రెట్టింపు కావాలి. అయినా లోతు సముద్రంలో గ్లైకాల్‌కే మొగ్గు, ఎందుకంటే దాన్ని వేడిచేసి నీరు పోగొట్టి మళ్లీ వాడొచ్చు. కాకపోతే బావి నీటిలోని ఉప్పు అలా వేడిచేసే బాయిలర్‌లో పేరుకుంటుంది. మిథనాల్ కొంత గ్యాస్‌లోకి ఆవిరైపోతుంది. ఆ 250కి ఈ నష్టం కలపకపోతే లెక్క తప్పినట్టే.

ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. ఖర్చుకు జంకి మోతాదు బాగా తగ్గిస్తే, అసలు వేయనప్పటికన్నా గట్టి గడ్డ కట్టే సందర్భాలున్నాయి. బావి నుంచి నీరు పెరిగినప్పుడు పంపు మోతాదు పాతదే ఉంటే జరిగేదీ ఇదే.

రెండో రకం పీవీపీ (పాలీవినైల్ పైరోలిడోన్) లాంటి పాలిమర్లు, అంటే పొడవాటి గొలుసు అణువులు. ఒకటి రెండు శాతం లోపే సరిపోతాయి గానీ, గడ్డను ఆపవు, ఆలస్యం చేస్తాయంతే. లైను రోజుల తరబడి ఆగితే వాటి గడువు తీరుతుంది. మూడో రకం హైడ్రేట్ పలుకుల్ని ఒకదానికొకటి అంటుకోనివ్వదు, కానీ పక్కన నూనె ఉండాలి. నీరు మరీ ఎక్కువైతే పనిచేయదు.

ఒకవేళ గడ్డ కట్టిందనుకోండి. ఒకవైపే ఒత్తిడి తీయొద్దు. గడ్డ తూటాలా దూసుకెళ్లి వంపులో పైపును చీలుస్తుంది. మధ్యలో వేడి పెట్టడం ఇంకా ప్రమాదం: ఒక ఘనమీటరు హైడ్రేట్ కరిగితే సుమారు 160 ఘనమీటర్ల గ్యాస్ వస్తుంది, అది పోవడానికి దారి ఉండదు. రెండు వైపులా మెల్లగా, సమంగా ఒత్తిడి దింపాలి. రోజులు పట్టినా సరే.