రాగి గొట్టంలో అయస్కాంతం

శ్రోతలకు నమస్కారం.

ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం పిల్లలకు నేను ఫిజిక్స్ చెబుతాను. విద్యుదయస్కాంతత్వం మొదలుపెట్టిన రోజున, తీగచుట్టలో అయస్కాంత ప్రభావం మారితే కరెంటు పుడుతుందనే ఫారడే నియమం ఎవరికి వచ్చని అడిగితే క్లాసంతా చేతులెత్తుతుంది. ఇంటర్ ఎంపీసీలో వందల బిట్లు చేసి వచ్చినవాళ్లు మరి. సూత్రం తడుముకోకుండా చెబుతారు. అందులో మైనస్ గుర్తు ఎందుకుందంటే మాత్రం గది సద్దుమణుగుతుంది. ‘లెంజ్ నియమం సార్’ అంటారు ఒకరిద్దరు. అది పేరు, కారణం కాదు.

అప్పుడు మీటరు పొడవున్న రాగి గొట్టం తీసి ఒకరిని నిలువుగా పట్టుకోమంటాను. రాగికి అయస్కాంతం అంటుకోదని ముందు వాళ్లచేతే చూపిస్తాను. పైనుంచి చిన్న ఇనుప ముక్క వదిలితే అరసెకనులో కింద టక్కుమంటుంది. తర్వాత అంతే ఉన్న నియోడిమియం అయస్కాంతం, చాలా బలమైన రకం. వదిలిన పిల్లవాడు కింద చెయ్యి పట్టి చూస్తాడు. రాదు. ఇరుక్కుందేమోనని పైనుంచి తొంగిచూస్తే, నూనెలో గోలీ దిగినట్టు తాపీగా దిగుతూ ఉంటుంది. నాలుగైదు సెకన్లకు అరచేతిలో పడుతుంది.

అయస్కాంతం దిగేకొద్దీ గొట్టంలో ఒక్కోచోట అయస్కాంత క్షేత్రం, అంటే దాని ప్రభావం, మారుతుంది. ఆ మార్పుకు రాగిలో గుండ్రంగా కరెంటు తిరుగుతుంది. ఆ కరెంటుకూ ఒక క్షేత్రం ఉంటుంది, అది పడేదాన్ని ఆపబోతుంది. ఆపకుండా ఊతమిచ్చిందనుకోండి, అయస్కాంతం అంతకంతకూ వేగం పుంజుకునేది. ఉత్తపుణ్యానికి శక్తి పుట్టేది. లోకంలో అలా జరగదు. ఆ మైనస్ గుర్తు చెప్పేది ఇదే.

ఈ ‘మార్పు’ అన్న మాట పట్టుబడడానికి పెద్దవాళ్లకే ఏళ్లు పట్టింది. కరెంటు పారే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో కోపెన్‌హాగన్‌లో ఓర్‌స్టెడ్ చూపించాడు. మరి అయస్కాంతం నుంచి కరెంటు రాదా? 1831 ఆగస్టు 29న లండన్‌లో ఫారడే ఆరంగుళాల ఇనుప కడియానికి రెండు పక్కలా రాగి తీగ చుట్టాడు. తీగలు ఒకదానికొకటి తగలకుండా మధ్యమధ్య నూలుగుడ్డ, దారం పెట్టాడు. ఒక చుట్టకు బ్యాటరీ కలిపిన క్షణాన రెండో చుట్టకు కలిపిన తీగ దగ్గర దిక్సూచి ముల్లు ఉలిక్కిపడి మళ్లీ యథాస్థానానికి వచ్చింది. బ్యాటరీ తీసినప్పుడు ఇంకోసారి. మధ్యలో కరెంటు నిలకడగా పారినంతసేపూ చలనం లేదు. చిన్నతనంలో పుస్తకాలు బైండు చేసే పని నేర్చుకున్న మనిషి ఆయన. గణితం అంతగా రాదు. ఆ ఒక్క కుదుపును వదలకుండా పట్టుకున్నాడు.

ఆయన ఊహకు తర్వాత మాక్స్‌వెల్ అనే శాస్త్రవేత్త గణితం తొడిగాడు. పిల్లలు భయపడేది అక్కడే, ముఖ్యంగా కర్ల్ అనే మాట దగ్గర. ప్రవాహం ఒక్కోచోట ఎంత తిప్పుతుందో చెప్పే కొలత అది. వాళ్లకు పంటకాలువ గుర్తుచేస్తాను. నీరు తిన్నగానే పారుతుంది, కానీ నడిమధ్య జోరుగా, గట్టువార నెమ్మదిగా. గట్టుకు దగ్గరగా ఒక గడ్డిపరక వేస్తే అది సాగుతూనే తన చుట్టూ తాను తిరుగుతుంది. అక్కడ కర్ల్ ఉంది. సుడిగుండం కనబడాల్సిన పనిలేదు.

మొన్నొక అమ్మాయి అడిగింది: ‘సార్, గొట్టాన్ని నిలువునా చీలిస్తే?’ నాకెంత సంతోషమేసిందో! వర్క్‌షాపుకు పట్టుకెళ్లి రంపంతో పైనుంచి కిందదాకా చీలిక పెట్టించాం. అయస్కాంతం ఈసారి చాలా త్వరగా పడింది, కానీ ఇనుప ముక్కంత త్వరగా కాదు. చుట్టూ తిరిగే దారి తెగింది నిజమే. గోడ మందంలోనే చిన్నచిన్న కరెంట్లు ఇంకా తిరుగుతున్నాయి. మర్నాడు ఆ అమ్మాయే ఊళ్లో వైండింగ్ షాపు నుంచి పాత ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి తెచ్చి బల్లమీద పెట్టింది. లోపల ఇనుము ఒకే దిమ్మ కాదు. వార్నిష్ పూసిన పలచని రేకులు, ఒకదానిమీద ఒకటి. కరెంటు గుండ్రంగా తిరిగే దారిని అక్కడా అలా తెగ్గొట్టారన్నమాట. క్లాసంతా కూర్చుని వాటిని ఒక్కొక్కటే విడదీసి చూశాం.