హలో వైజాగ్, మాది ఇజీనారం

శ్రోతలకు నమస్కారం. ఈ పూట ఎఫ్ఎం గురించి మాట్లాడుకుందాం. ప్రకటనల మీద బతికే ప్రైవేటు ఎఫ్ఎం అన్నమాట, పొద్దున్నే జోకులేసి పాటలు పెట్టేది. ఆ కథ మామూలుగా స్టూడియోలో కూర్చున్నవాళ్లు చెబుతారు. నేను మాత్రం విజయనగరంలో మా మేడ మీద నుంచి చెబుతాను, ఎందుకంటే నాకది దొరికిందే అక్కడ, అదీ బట్టలారేసే దండేనికి చుట్టిన రాగి తీగతో.

వైజాగ్‌లో ఈ స్టేషన్లు ఒకదాని వెనక ఒకటి మొదలైన రోజులవి. మా బావ అక్కడ ఉద్యోగం చేసేవాడు. వచ్చినప్పుడల్లా 98.3లో ఇలా అన్నారు, 93.5లో అలా నవ్వించారు అని ఒకటే ఊదరగొట్టేవాడు. మా ఇంట్లో రేడియో తిప్పితే గరగర తప్ప ఏమీ లేదు. ఫోన్‌కి ఇయర్‌ఫోన్ గుచ్చితే కాస్త వినపడేది, ఎందుకంటే ఫోన్‌లో ఎఫ్ఎంకి ఆ తీగే ఏంటెనా. మెడ ఇటు తిప్పితే పాట, అటు తిప్పితే ఇసక జల్లెడ పట్టిన చప్పుడు. చివరికి రేడియోలు బాగుచేసే ఒకాయన లెక్క చెప్పాడు. 98.3 మెగాహెర్ట్జ్ అంటే అల పొడవు మూడు మీటర్ల పైన కొంచెం, అందులో నాలుగో వంతు తీగ కోసుకుంటే చాలు, సుమారు 76 సెంటీమీటర్లు. కోశాను. మేడెక్కి, విశాఖ వైపున్న దండెం చివర నిలువుగా కట్టి, రెండో కొస రేడియో ఏంటెనాకి చుట్టాను. పాట వచ్చింది! అమ్మ తడి చీర ఆరేస్తే మళ్లీ పోయింది, అది వేరే సంగతి.

ఇంతా చేసి వైజాగ్ ఎంత దూరం? అరవై కిలోమీటర్లు. అదే ఆకాశవాణి విశాఖపట్నం, 1963 ఆగస్టు 4న మొదలైన స్టేషన్, 927 కిలోహెర్ట్జ్‌లో మా తాతగారి రేడియోకి ఏ తీగా లేకుండానే వచ్చేది. మీడియం వేవ్ నేలని పట్టుకుని పాకుతుంది, గుట్టలూ మిట్టలూ దాటుకుని పోతుంది. ఎఫ్ఎం అలా కాదు, చూపు ఆనినంత దూరమే దాని రాజ్యం. మధ్యలో సింహాచలం కొండల్లాంటివి అడ్డొస్తే అక్కడికి సరి. కాకపోతే వచ్చినంత మేరా పాట అద్దంలా వస్తుంది, పిడుగుల చప్పుడు అంటదు. కారులో వైజాగ్ నుంచి సిక్కోలు, అదే శ్రీకాకుళం, వెళ్లేవాళ్లకి ఇది నేను చెప్పక్కర్లేదు. ఆనందపురం దాకా హాయిగా పాడుకుంటూ వస్తాం, తగరపువలస దాటాక గొంతు బొంగురుపోతుంది, పూసపాటిరేగ వచ్చేసరికి ఎవరో ఒకరు విసుక్కుని పెన్‌డ్రైవ్ పెట్టేస్తారు.

మరి మన ఊళ్లలోనే ఒక స్టేషన్ పెట్టొచ్చుగా అంటారు. అసలు ప్రైవేటువాళ్లకి గాలిలోకి దారి దొరకడమే ఆలస్యమైంది. గాలిలో తరంగాలు జనం ఆస్తి, ఏ ఒక్కరి గుత్తసొమ్మూ కాదని సుప్రీంకోర్టు చెప్పింది 1995 ఫిబ్రవరిలో. దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్ఎం బెంగళూరులో మొదలైంది 2001 జులైలో. మొదటి విడతలో 40 నగరాలకి 108 ఫ్రీక్వెన్సీలు వేలం వేస్తే, చివరికి నడిచినవి ఇరవై పైచిలుకు. కారణం సులువే: లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరుగుతూ పోయేలా పెట్టారు. ప్రకటనలు ఆ లెక్కన పెరుగుతాయా? 2005లో పద్ధతి మార్చారు. చేరేటప్పుడు ఒకసారి కట్టు, తర్వాత ఏటా ఆదాయంలో 4 శాతం ఇవ్వు అన్నారు. విశాఖలో 91.1, 92.7, 93.5, 98.3 అని అంకెలు పక్కపక్కనే కాపురం పెట్టడానికి దారి వేసింది ఆ మార్పే. ఇంకో గొడవ పాటలది. ఒక పాట వేస్తే మ్యూజిక్ కంపెనీకి ఎంతివ్వాలి అని ఏళ్ల తరబడి కోర్టుల్లో నలిగింది. 2010లో కాపీరైట్ బోర్డు ప్రకటనల నికర ఆదాయంలో 2 శాతం అని తేల్చింది. చిన్న ఊళ్లో స్టేషన్ పెట్టాలనుకునేవాడికి అప్పట్లో అది పెద్ద ఊరటే, ఎందుకంటే గంటకింత అని కట్టాల్సి వస్తే విజయనగరంలో వచ్చే డబ్బు పాటలకే సరిపోదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వైజాగ్ ఎఫ్ఎంలో పది సెకన్ల ప్రకటనకి అపార్ట్‌మెంట్లవాళ్లు, బంగారం షాపులు, కాలేజీలు క్యూ కడతాయి. మన గంటస్తంభం దగ్గర బట్టల కొట్టాయన ఆషాఢం సేల్ పెడితే ఏం చేస్తాడు? ఆటోకి మైకు కట్టించి మూడు లాంతర్ల దగ్గర నుంచి రింగ్ రోడ్డు దాకా తిప్పుతాడు, కేబుల్ టీవీలో కింద స్క్రోలింగ్ వేయిస్తాడు. ఎఫ్ఎంకి మన ఊళ్లో పోటీ ఇంకో ఎఫ్ఎం కాదండీ, ఆ ఆటో. అది పిలిస్తే జనం గుమ్మంలోకొచ్చి చూస్తారు కూడా. 2016లో 266 ఛానళ్లు వేలానికి పెడితే 66 మాత్రమే అమ్ముడుపోయాయంటే నాకు ఆశ్చర్యం అనిపించలేదు. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ మరో 234 ఊళ్లకి 730 ఛానళ్లు వేలం వేయడానికి ఒప్పుకుంది. ఆ జాబితాలో శ్రీకాకుళం ఉంది, విజయనగరం ఉంది. పేరుంటే స్టేషన్ వచ్చేసినట్టు కాదు, ఎవరో ఒకరు ఆ ఆటోని లెక్కేసుకుని మరీ డబ్బు పెట్టాలి.

డబ్బు లెక్క పక్కన పెడితే, నాకు గుచ్చుకునే సంగతులు రెండు. ఘంటసాల గారు మధూకరం ఎత్తుకుని సంగీతం నేర్చుకున్నది ఈ ఊళ్లో, మన మహారాజా సంగీత కళాశాలలో. సుశీల గారు ఈ ఊరి ఆడపడుచే. పాత పాటల గంట అని ఏ ఎఫ్ఎం పెట్టినా సగం వీళ్లవే, ఆ పాటలు వినడానికి మేం మేడెక్కాలి. రెండోది తిత్లీ తుపాను, 2018 అక్టోబరు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయి, కరెంటు పోయి, టవర్లు పోయి, సెల్‌ఫోన్లు చీకట్లో టార్చిలైట్లకి తప్ప పనికిరాని రోజులవి. ప్రైవేటు ఎఫ్ఎంవాళ్లు సొంతంగా వార్తలు చదవకూడదు, నిజమే. కానీ 2011 విధానంలో కరెంటు, నీళ్లు, తుపాను హెచ్చరికల్లాంటివి చెప్పుకోవచ్చని స్పష్టంగా రాశారు. సోంపేటలో ఏ రోడ్డు తెరిచారు, కవిటికి నీళ్ల ట్యాంకర్ ఎప్పుడొస్తుంది అన్నది రెండు బ్యాటరీల రేడియోలో వినపడి ఉంటే ఎలా ఉండేదో మీరే ఊహించుకోండి.

ఇక భాష. వైజాగ్ ఆర్జేలు హుషారుగానే మాట్లాడతారు, నాకేం పేచీ లేదు. కానీ ఒక్కసారైనా రేడియోలో ఎవరైనా "ఏటండీ, బేగి ఫోన్ చెయ్యండి, లైన్ ఖాళీగా ఉంది" అంటే వినాలనుంది. మన యాస సినిమాల్లో కామెడీకే వాడతారు, లేదా అమాయకుడికి పెడతారు. పొద్దున్న ఏడింటికి ట్రాఫిక్ చెప్పే గొంతుకి పెట్టరు.

మా అమ్మకి ఆ పట్టింపు లేదు. తీగ కట్టిన కొత్తలో రేడియో వంటింటి కిటికీలో పెట్టేదాన్ని. ఆర్జే "హలో వైజాగ్, ఎలా ఉన్నారు?" అనగానే ఆవిడ పప్పులో తాలింపు వేస్తూ, నిజంగా ఇంటికొచ్చినవాడికి చెప్పినట్టు, "మాది ఇజీనారం నాయనా, బాగానే ఉన్నాం" అనేది. ఇప్పుడు మేడ మీద పైఅంతస్తు వేశారు, దండెం జాగా మారింది. తీగ మాత్రం అలాగే ఉంది, నిన్న చూస్తే దానికి బట్టల క్లిప్పులు పెట్టుకుంటోంది అమ్మ.

నమస్కారం.