ఏ యాప్‌లో పాట బాగుంటుంది?

సభకు నమస్కారం.

ఏ యాప్‌లో పాట బాగా వినిపిస్తుందని నన్ను చాలామంది అడుగుతుంటారు. అంకెలు చెప్పడం తేలికే. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు కనుక, రెండు చానళ్లకూ కలిపి సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు అవుతాయి. పాటను కుదించి పంపే స్పాటిఫై ఏళ్ల తరబడి 320 కిలోబిట్ల దగ్గరే ఆగి, 2025లో గానీ లాస్‌లెస్‌కు, అంటే శబ్దంలో ఏదీ పోకుండా పంపే పద్ధతికి, రాలేదు. ఆపిల్ మ్యూజిక్ 2021లోనే అదనపు రుసుము లేకుండా దాన్ని ఇచ్చింది.

ఈ అంకెలు చూసి నేనూ ఒకసారి తీర్పు చెప్పేశాను. ఒకే మృదంగ తని ఆవర్తనాన్ని, అంటే కచేరీలో మృదంగం ఒక్కటే మోగే భాగాన్ని, రెండు యాప్‌లలో విని, మొదటిదానిలో జీవం ఉట్టిపడుతోందని ఇంట్లో అందరికీ చాటాను. మా మేనల్లుడు నా కళ్లకు తువ్వాలు కట్టి, రెండింటి వాల్యూమ్ సమానం చేసి, పదిసార్లు అటూ ఇటూ మార్చి వినిపించాడు. ఏది ఏదో చెప్పలేకపోయాను. అంతకుముందు నన్ను మురిపించింది నాణ్యత కాదు, అది కాస్త గట్టిగా మోగడం. పాటల తీవ్రతను ఒక్కో సేవ ఒక్కో స్థాయికి సర్దుతుంది. ఆ తీవ్రతను కొలిచే ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలమానంలో స్పాటిఫై మామూలుగా మైనస్ 14కు సర్దితే, ఆపిల్‌లో ఆ పని చేసే సౌండ్ చెక్ మైనస్ 16 దగ్గర ఉంచుతుంది. ఆ రెండు డెసిబెళ్ల తేడా చెవికి గట్టిదనంగా కాక స్పష్టతగా తోస్తుంది. అక్కడే మనం మోసపోతాం.

కుదింపు దోషం నిజంగా వినాలంటే 96 కిలోబిట్లకు దిగి చూడండి. మృదంగం మీద చాపు దెబ్బ పడడానికి లిప్తపాటు ముందే సన్నని బుసలాంటి నీడ వినిపిస్తుంది, తాళాల మోత చివర నీళ్లలో మునిగినట్టు చెదిరిపోతుంది. 256 దాటాక దాన్ని పట్టుకోవడం అనుభవం ఉన్న చెవికీ కష్టమే.

లాస్‌లెస్‌కు డబ్బు కట్టి మామూలు బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో వినేవారి సంగతి మరీ చిత్రం. ఫోను ఆ పాటను విప్పి, మళ్లీ కుదించి గానీ చెవికి పంపదు. బ్లూటూత్‌లో మేలైన నాణ్యతతో పంపే ఎల్‌డాక్ అనే పద్ధతి ఉన్నా దాని గరిష్ఠ వేగం 990 కిలోబిట్లే.

యాప్‌లోకి ఎక్కించిన మూలప్రతి ఎలాంటిదన్నది వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న. 1950ల నాటి మన మోనో సినిమా పాటను అరిగిన రికార్డు నుంచి ఎక్కించి ఉంటే, 24 బిట్లలో ఇచ్చినా ఆ గరగర చెక్కుచెదరకుండా మనదాకా వస్తుంది.

ఇప్పుడు అదే తని ఆవర్తనాన్ని, తీవ్రత సమం చేసిన రెండు ప్రతుల్లో వినిపిస్తాను. ఏది లాస్‌లెస్సో మీ ముందున్న కాగితం మీద రాయండి.